టూటూ, థర్టీటూ: తుగ్లకాబాద్ రేంజిలో రెండు తూటాల చరిత్ర

2006 డిసెంబరులో దోహా ఆసియా క్రీడల్లో జస్పాల్ రాణా 25 మీటర్ల సెంటర్ ఫైర్ పిస్టల్ పోటీలో 600కి 590 కొట్టాడు. అప్పటి ప్రపంచ రికార్డు కూడా అంతే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మహిళల 25 మీటర్ల పిస్టల్ అర్హత పోటీలో మను భాకర్ 590 కొట్టింది. మరుసటి ఏడు పారిస్ ఒలింపిక్స్‌లోనూ ఆమె స్కోరు అదే 590. రాణా గురువు, మను శిష్యురాలు. ఇద్దరూ ఆడిన పోటీ క్రమం ఒకటే. అదే 25 మీటర్ల దూరం, అవే టార్గెట్లు, అవే 60 గుళ్లు, అదే గడువు. తేడా అంతా తూటాలోనే. రాణా పేల్చింది పాయింట్ 32, మను పేల్చింది పాయింట్ 22.

ఈ రెండు తూటాలూ ఢిల్లీలోని తుగ్లకాబాద్ రేంజిలో నలభై ఏళ్లకు పైగా పక్కపక్కనే పేలుతున్నాయి. షూటర్లు ఒకదాన్ని టూటూ అంటారు, రెండోదాన్ని థర్టీటూ అంటారు. ఏది మేలు అన్న ప్రశ్న రేంజిలో అడుగుపెట్టిన ప్రతి కొత్త చెయ్యీ అడిగేదే. దానికి జవాబు వేగాల పట్టికలో కొంత ఉంది, మన పిస్టల్ షూటింగు చరిత్రలో అంతకంటె ఎక్కువ ఉంది. ఆ చరిత్రను మొదటినుంచి ఒకసారి తిరిగి చూసుకోవలసిన సమయం ఇది. ఎందుకంటే ఈ రెంటిలో ఒక తూటా పెద్ద పోటీల నుంచి మెల్లగా తప్పుకుంటోంది.

పంతొమ్మిదో శతాబ్దపు పుట్టుక

రెండు తూటాల మూలాలూ అమెరికాలోని ఒకే కంపెనీ గుమ్మంలో ఉన్నాయి. 1857లో స్మిత్ అండ్ వెసన్ తన తొలి రివాల్వర్ కోసం పాయింట్ 22 షార్ట్ అనే బుల్లి తూటాను తెచ్చింది. అప్పటిదాకా మందు వేరు, గుండు వేరు, నిప్పు వేరు. ఈ మూడూ ఒక లోహపు గొట్టంలో ఇమిడిపోయాయి. నిప్పు పుట్టించే రసాయనాన్ని గొట్టం అడుగున ఉన్న అంచు మడతలో పూశారు. సుత్తి ఆ అంచుమీద ఎక్కడ కొట్టినా తూటా పేలుతుంది. అందుకే దీన్ని రిమ్ ఫైర్ అన్నారు.

ఆ షార్ట్‌నే సాగదీసి 1887లో స్టీవెన్స్ కంపెనీ లాంగ్ రైఫిల్ తూటాను తయారుచేసింది. గుండు బరువు 40 గ్రెయిన్లు, అంటే సుమారు 2.6 గ్రాములు. పేరులో రైఫిల్ ఉన్నా ఇది పిస్టల్‌లోనూ అంతే సుఖంగా ఒదిగింది. ఈ రోజు ప్రపంచంలో ఏ దేశంలో షూటింగు నేర్చుకునే పిల్లవాడైనా ఎయిర్ గన్ తరవాత పట్టేది దీన్నే.

థర్టీటూ దారి వేరు. 1896లో స్మిత్ అండ్ వెసన్ పాయింట్ 32 లాంగ్ తూటాను రివాల్వర్ కోసం తెచ్చింది. ఇందులో నిప్పుమందు అంచులో ఉండదు. గొట్టం అడుగు నడిమధ్యన చిన్న ప్రైమర్ గిన్నె ఉంటుంది, పిన్ను దానిమీద కొడుతుంది. అందుకే ఇది సెంటర్ ఫైర్. పుట్టినప్పుడు ఇది జేబు రివాల్వర్లకూ పోలీసు రివాల్వర్లకూ ఉద్దేశించిన తూటా. తరవాతి కాలంలో ఆ పనికి ఇంకా బలమైన తూటాలు వచ్చి దీన్ని పక్కకు నెట్టాయి. అలా పక్కకు జరిగిన తూటాకు పోటీ మైదానంలో రెండో జన్మ దొరికింది.

అరచేతిలో పెట్టుకుని చూస్తే

రెంటినీ పక్కపక్కన పెట్టి చూడండి. టూటూ సన్నగా, పొడుగ్గా ఉంటుంది. 5.7 మిల్లీమీటర్ల లావు ఇత్తడి గొట్టం, దాని మూతిమీద గుండ్రటి సీసపు ముక్కు, ముక్కుమీద మైనమో గ్రీజో పూసిన పల్చటి జిడ్డు. మొత్తం పొడవు 25 మిల్లీమీటర్ల పైచిలుకు. పోటీల్లో వాడే థర్టీటూను కొత్తవాళ్లు చూస్తే పేలిపోయిన ఖాళీ గొట్టం అనుకుంటారు. దానికి ముక్కే కనబడదు. వాడ్‌కట్టర్ అనే ఈ రకంలో సీసపు గుండు స్తంభంలా చదునుగా ఉండి గొట్టం మూతితో సమానంగా లోపలికే దిగిపోయి ఉంటుంది. అందువల్ల లావుగా ఉన్నా పొడవులో అది టూటూ కంటె ఓ రెండు మిల్లీమీటర్లు పొట్టి.

ఆ చదును మూతి వెనక గట్టి కారణం ఉంది. గుండ్రటి ముక్కు కాగితాన్ని చించుకుంటూ పోతుంది, చిల్లు అంచులు ముడుచుకుపోతాయి. చదును గుండు మాత్రం ఆఫీసులో కాగితాలకు కన్నం వేసే పంచింగ్ మిషన్‌లా గుండ్రటి కన్నం కోసుకుంటూ పోతుంది. కాగితపు టార్గెట్ల కాలంలో ఆ శుభ్రమైన అంచుమీదే ఒక్కో పాయింటు ఆధారపడేది.

ఇక లెక్కలు. పోటీ థర్టీటూ గుండు బరువు సుమారు 98 గ్రెయిన్లు, అంటే 6.4 గ్రాములు. వేగం సెకనుకు 230 మీటర్ల దరిదాపు. పిస్టల్ నుంచి వచ్చే పోటీ టూటూ గుండు 2.6 గ్రాములు, వేగం సెకనుకు 270 మీటర్ల అటూ ఇటూ. రెండూ ధ్వని వేగం కంటె తక్కువే. బరువును వేగంతో గుణిస్తే థర్టీటూ తోపు టూటూకి రెట్టింపు అవుతుంది. అంటే చేతికి తగిలే ఎదురుతన్ను కూడా ఇంచుమించు రెట్టింపే. బ్యారెల్ మూతి దగ్గర శక్తి లెక్క వేస్తే టూటూకి 95 జౌళ్లు, థర్టీటూకి 170 జౌళ్లు వస్తాయి. 25 మీటర్లు దాటే లోపు టూటూ గుండు 4 సెంటీమీటర్లకు పైగా కిందికి దిగుతుంది, థర్టీటూ దాదాపు 6 సెంటీమీటర్లు దిగుతుంది. ఈ తేడా సైట్ సర్దుకుంటే పోతుంది.

సైట్ సర్దుకున్నా పోని తేడా మరొకటి ఉంది. బరువైన గుండు బ్యారెల్ దాటడానికి ఒక క్షణాంశం ఎక్కువ పడుతుంది, ఆ లోపే తన్ను మొదలవుతుంది. ట్రిగ్గర్ నొక్కిన తరవాత చెయ్యి ఏ కాస్త సడలినా, మణికట్టు ఏ కాస్త విరిగినా గుండు దాన్ని టార్గెట్‌మీదికి మోసుకుపోతుంది. టూటూ చిన్న తప్పును కొంతవరకు క్షమిస్తుంది, థర్టీటూ క్షమించదు. పట్టు రోజూ ఒకేలా ఉండాలి, గుండు వెళ్లిపోయాక కూడా చూపు సైట్‌మీదే నిలవాలి. షూటర్లు ఫాలో త్రూ అనే ఈ అలవాటును థర్టీటూ బలవంతంగా నేర్పుతుంది.

మరి థర్టీటూకి లాభమే లేదా? ఉంది. నిబంధన ప్రకారం సెంటర్ ఫైర్ పోటీలో 7.62 నుంచి 9.65 మిల్లీమీటర్ల వరకు ఏ క్యాలిబరైనా వాడవచ్చు. కాగితపు టార్గెట్‌మీద చిల్లును కొలిచే గేజి మాత్రం అందరికీ 9.65 మిల్లీమీటర్లదే. చిల్లు అంచు గీతను తాకితే పై పాయింటే ఇస్తారు. కాబట్టి పాయింట్ 38 వాడినవాడికి పెద్ద చిల్లువల్ల దక్కే లాభం తక్కువ తన్నుతోనే థర్టీటూకి దక్కింది. ప్రపంచమంతా పోటీల్లో థర్టీటూ వైపు మొగ్గడానికి ఇదొక ముఖ్య కారణం. టూటూ గేజి 5.6 మిల్లీమీటర్లే. పది గీత వ్యాసం 50 మిల్లీమీటర్లు ఉన్నచోట, ప్రతి గుండుకూ థర్టీటూకి అన్ని వైపులా 2 మిల్లీమీటర్ల వెసులుబాటు ఉన్నట్టు. తన్ను తీసుకున్నదాన్ని గేజి కొంత తిరిగి ఇచ్చింది. స్కోర్లు ఒకేచోట తేలడంలో ఆశ్చర్యం లేదు.

తుగ్లకాబాద్‌కు వచ్చిన దారి

స్వతంత్ర భారతంలో షూటింగుకు సంస్థాగత రూపం 1951లో వచ్చింది. లోక్‌సభ తొలి స్పీకరు జి.వి. మావళంకర్ అధ్యక్షుడిగా జాతీయ రైఫిల్ సంఘం ఏర్పడింది. ఆయన పేరిట అఖిల భారత పోటీలు నేటికీ జరుగుతున్నాయి. అయితే అప్పట్లో ఈ ఆట సైన్యానికీ పోలీసులకూ రాజకుటుంబాలకూ పరిమితం. తుపాకి, తూటా, రేంజి మూడూ సామాన్యుడికి అందనివే.

1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనలు సైన్యం వాడే 9 మిల్లీమీటర్ల వంటి తూటాలను పౌరులకు నిషేధించాయి. మిగిలిన వాటిలో థర్టీటూ బోరు పౌరుల తూటా అయింది. ఢిల్లీ జనం బత్తీస్ బోర్ అనేది దీన్నే. ఆ మాట కింద రెండు వేరు తూటాలున్నాయి. రివాల్వర్లో పడేది పైన చెప్పిన లాంగ్, పిస్టల్లో పడేది 1899 నాటి బ్రౌనింగ్ తూటా. ఢిల్లీలో 2012 డిసెంబరు సామూహిక అత్యాచార ఘోరం తరవాత 2014లో కాన్పూరు ఆయుధ కర్మాగారం మహిళల కోసమంటూ నిర్భీక్ అనే అర కిలో రివాల్వర్ను విడుదల చేసింది. దాని బోరు కూడా థర్టీటూయే, అప్పటి వెల లక్షా ఇరవై రెండు వేలకు పైమాటే. ఆత్మరక్షణ తుపాకి చేతిలో ఉంటే భద్రత వస్తుందని నేను నమ్మను. ఈ తూటాకు గౌరవం దక్కింది రేంజిలోనే.

ఆ రేంజి 1982 ఆసియా క్రీడలతో వచ్చింది. గియాసుద్దీన్ తుగ్లక్ కట్టిన కోటకు దగ్గర్లో, ఆరావళి రాతి గుట్టల అంచున దాన్ని కట్టారు. బికనీరు మహారాజు డాక్టర్ కర్ణీ సింగ్ పేరు పెట్టారు. అయిదు ఒలింపిక్స్‌లో పాల్గొని, 1962 కైరో ప్రపంచ పోటీల్లో ట్రాప్‌లో రజతం తెచ్చి, షూటింగులో తొలి అర్జున అందుకున్నవాడాయన. రాజధానికి అంతర్జాతీయ స్థాయి రేంజి రావడంతో ఢిల్లీ, ఫరీదాబాద్, ఝజ్జర్, మీరట్ పిల్లలకు బస్సు దూరంలో ఒక ఒలింపిక్ ఆట వచ్చి కూర్చుంది. దేశరాజధాని ప్రాంతం పిస్టల్‌కు పుట్టిల్లు కావడానికి బీజం అక్కడే పడింది.

థర్టీటూ ఏలిన రోజులు

1994ను మన పిస్టల్ చరిత్రలో మలుపు అనాలి. ఆ ఏడు విక్టోరియా కామన్వెల్త్ క్రీడల్లో సెంటర్ ఫైర్ స్వర్ణం, హిరోషిమా ఆసియా క్రీడల్లో సెంటర్ ఫైర్ స్వర్ణం రెండూ జస్పాల్ రాణావే. అప్పటికి అతనికి పద్దెనిమిదేళ్లు. విక్టోరియాలో అశోక్ పండిత్‌తో కలిసి జోడీ స్వర్ణమూ తెచ్చాడు. పన్నెండేళ్ల తరవాత దోహాలో వ్యక్తిగత స్వర్ణంతోపాటు సమరేశ్ జంగ్, విజయ్ కుమార్‌లతో కలిసి జట్టు స్వర్ణం గెలిచాడు. ఆనాడు ఆసియాలో మన పిస్టల్ పేరు చెబితే ముందు గుర్తొచ్చేది సెంటర్ ఫైరే.

ఈ పోటీ ఎలా సాగుతుందో దగ్గరగా చూస్తే ఆ గెలుపుల విలువ తెలుస్తుంది. మొదటి 30 గుళ్లు నెమ్మది భాగం. అయిదేసి గుళ్లకు 5 నిమిషాలు. తరవాతి 30 వేగం భాగం. షూటర్ చెయ్యి 45 డిగ్రీలు కిందికి దించి నిలబడతాడు. ఎర్ర దీపం 7 సెకన్లు వెలుగుతుంది. పచ్చ దీపం రాగానే చెయ్యి లేపి, సైట్ కుదుర్చుకుని, ట్రిగ్గర్ నొక్కి ఒక్క గుండు పేల్చాలి. దానికి 3 సెకన్లు. దీపం ఎర్రబడేసరికి చెయ్యి మళ్లీ కిందికి. ప్రతి అయిదు గుళ్ల వరసలోనూ అయిదుసార్లు ఇదే. ఒక గుండుకూ మరో గుండుకూ మధ్య 7 సెకన్ల విరామం ఉండటంవల్ల థర్టీటూ తన్ను తరవాతి గుండును చెడగొట్టదు. అందుకే ఈ పోటీలో బరువు తూటా తేలిక తూటాతో సమానంగా నిలబడగలిగింది. అదే 10 సెకన్లలో అయిదు గుళ్లు వరసగా పేల్చే స్టాండర్డ్ పిస్టల్‌లో థర్టీటూ పెడితే చెయ్యి సైట్‌కు తిరిగివచ్చే లోపే గడువు సగం తినేస్తుంది. అక్కడ రాజ్యం టూటూదే.

2010 కామన్వెల్త్ క్రీడల కోసం కర్ణీ సింగ్ రేంజిని కొత్తగా తీర్చిదిద్దారు. ఆ గడ్డమీద సెంటర్ ఫైర్ స్వర్ణం హర్‌ప్రీత్ సింగ్‌కు, రజతం విజయ్ కుమార్‌కు వచ్చాయి. ఇద్దరూ కలిసి జోడీ స్వర్ణం కూడా కొట్టారు. ఇంటి రేంజిలో థర్టీటూ సాధించిన పెద్ద విజయం అది. కామన్వెల్త్‌లో చివరిదీ అదే. 2014 గ్లాస్గో కార్యక్రమంలో సెంటర్ ఫైర్ లేదు. ఆసియా క్రీడల్లో 2014 ఇంచియాన్‌లో మన జట్టు రజతం తెచ్చాక 2018 నుంచి అక్కడా తీసేశారు. ఒలింపిక్స్‌లో దానికి మొదటినుంచీ చోటు లేదు.

షార్ట్ పోయి లాంగ్ వచ్చిన మలుపు

ఇదే కాలంలో టూటూ ఇంట్లోనూ ఒక మార్పు జరిగింది. ఒలింపిక్ ర్యాపిడ్ ఫైర్ పోటీలో అయిదు టార్గెట్లమీద 8, 6, 4 సెకన్లలో అయిదు గుళ్లు పేల్చాలి. దీనికి దశాబ్దాలపాటు 1857 నాటి షార్ట్ తూటానే వాడారు. గుండు రెండు గ్రాములు కూడా ఉండదు. బ్యారెల్‌కు కన్నాలు పెట్టి వాయువును బయటికి వదిలేవాళ్లు కాబట్టి తన్ను దాదాపు తెలిసేదే కాదు. 1996 అట్లాంటాలో రాల్ఫ్ షూమన్ 600కి 596 కొట్టాడంటే ఆ తూటా ఎంత సాధువో ఊహించవచ్చు. 2005 నుంచి నిబంధన మారింది. షార్ట్‌కు సెలవిచ్చి లాంగ్ రైఫిల్‌ను తప్పనిసరి చేశారు, ట్రిగ్గర్ బరువు కిలోకు తగ్గకూడదన్నారు. 2008 బీజింగ్‌లో కొత్త ఒలింపిక్ రికార్డు 583. పదమూడు పాయింట్లు పోయాయి. ట్రిగ్గర్, పట్టు నిబంధనల పాత్ర కూడా అందులో ఉంది కాబట్టి మొత్తం తూటా మీదకే నెట్టలేం. అయినా చిన్న తూటాలో కొద్దిపాటి తన్ను పెరిగితే 4 సెకన్ల వరసలో ఎంత నష్టమో ఈ రెండు అంకెలు చెబుతాయి.

ఆ మార్పు భారతీయులకు కలిసొచ్చిందని నా నమ్మకం. ఏళ్ల తరబడి షార్ట్‌కు అలవాటుపడిన యూరప్ షూటర్లు తన్నును మళ్లీ నేర్చుకోవలసి వచ్చింది. థర్టీటూ తన్నును తట్టుకుంటూ పెరిగిన మన చేతికి లాంగ్ రైఫిల్ తేలికగానే తోచింది. దోహాలో, ఢిల్లీలో సెంటర్ ఫైర్ పతకాలు తెచ్చిన సైనికుడు విజయ్ కుమార్ 2012 లండన్‌లో ర్యాపిడ్ ఫైర్ రజతం తెచ్చాడు. ఫైనల్లో క్యూబా షూటర్ లెయూరిస్ పూపో 34 కొడితే విజయ్ 30 కొట్టాడు. తరవాతి తరంలో కర్నాల్ కుర్రాడు అనీశ్ భన్వాలా 2018 గోల్డ్ కోస్ట్‌లో పదిహేనేళ్లకే అదే పోటీలో కామన్వెల్త్ స్వర్ణం గెలిచాడు.

టూటూ తరం

మహిళల పిస్టల్ 1984 లాస్ ఏంజిలిస్ నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. క్రమం సెంటర్ ఫైర్‌దే, తూటా మాత్రం టూటూ. మన అమ్మాయిలు ఈ పోటీని తమది చేసుకున్న తీరు అపురూపం. 2010లో తుగ్లకాబాద్‌లో అనీసా సయ్యద్ స్వర్ణం, రాహీ సర్నోబత్ రజతం. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రాహీకి స్వర్ణం. 2021 మార్చిలో ఢిల్లీ ప్రపంచ కప్‌లో మూడు పతకాలూ మనవే: చింకీ యాదవ్, రాహీ, మను. 2023 మేలో బాకు ప్రపంచ కప్‌లో ఫరీదాబాద్ అమ్మాయి రిథమ్ సాంగ్వాన్ 595 కొట్టి, దాదాపు మూడు దశాబ్దాలు నిలిచిన 594 రికార్డును చెరిపేసింది.

తెలుగువాళ్లకు ఈ వరసలో గర్వించదగ్గ పేరు హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్. హాంగ్‌ఝౌలో మను 590, ఈషా 586, రిథమ్ 583 కలిపి 1759తో జట్టు స్వర్ణం తెచ్చారు. వ్యక్తిగత రజతం ఈషాదే. పారిస్‌లో ఆమె ఫైనల్ చేరలేకపోయినా 2025 కైరో ప్రపంచ ఛాంపియన్‌షిప్‌లో ఇదే పోటీలో కాంస్యం తెచ్చుకుంది. అక్కడే గుర్‌ప్రీత్ సింగ్ సెంటర్ ఫైర్‌లో స్వర్ణ విజేతతో సమానంగా స్కోరు చేసి, ఇన్నర్ టెన్ల లెక్కలో, అంటే పది గీత లోపలి చిన్న వలయంలో పడిన గుళ్ల లెక్కలో, వెనకబడి రజతానికి ఆగాడు. ఒకే ఊళ్లో, ఒకే ఛాంపియన్‌షిప్‌లో టూటూకి ఒక పతకం, థర్టీటూకి ఒక పతకం.

ఈ టూటూ తరాన్ని తీర్చిన చేతులు ఎవరివి? మనుకు రాణా, జాతీయ పిస్టల్ జట్టుకు సమరేశ్ జంగ్. దోహాలో థర్టీటూ పట్టుకుని జట్టు స్వర్ణం గెలిచినవాళ్లే పారిస్ నాటికి గురువులయ్యారు. మణికట్టు బిగింపు, గుండు పోయాక కూడా కదలని చూపు, 3 సెకన్లలో తొందరపడని ట్రిగ్గర్ వేలు వాళ్ల వంటికి పట్టింది ఆ కఠినమైన తూటా దగ్గరే. ఇవాళ అమ్మాయిల చేతుల్లో మనం చూస్తున్న స్థిమితంలో థర్టీటూ బడి పాఠం ఉంది.

ఏది మేలు?

వేగంగా వరస గుళ్లు పేల్చాలంటే టూటూ. ఖర్చు తక్కువ, తన్ను తక్కువ, ఒలింపిక్ దారి దానిదే. రోజుకు వందల గుళ్లు పేల్చి సాధన చెయ్యవలసిన పిల్లలకు అంతకంటె తగిన తూటా లేదు. ఒక్కో గుండును విడిగా, నిండు శ్రద్ధతో పేల్చే పోటీలో థర్టీటూ దానికి ఏమాత్రం తీసిపోదని ముప్పై ఏళ్ల స్కోర్లు రుజువు చేశాయి. చేతిని గట్టిపరచడంలో అది టూటూ కంటె ఒక మెట్టు పైనే.

1968 నాటి వాల్టర్ జి.ఎస్.పి. పిస్టల్ కాలం నుంచి ఒకే పిడిమీద బ్యారెల్ భాగం మార్చుకుని రెండు తూటాలూ పేల్చే వీలుంది. కొరత తుపాకిలో లేదు. పోటీల పట్టికలో, తూటా సరఫరాలో ఉంది. పోటీ స్థాయి వాడ్‌కట్టర్ కోసం మనం నేటికీ ఎక్కువగా ఫిన్లాండ్, జర్మనీ, ఇటలీల వైపు చూస్తున్నాం. రివాల్వర్ తూటాలను దశాబ్దాలుగా తయారుచేస్తున్న ప్రభుత్వ కర్మాగారాలకు పోటీ తూటా అసాధ్యమైన పనేమీ కాదు, పూనుకోవాలి.

అందుకే నేను కోరేది స్పష్టం. సెంటర్ ఫైర్‌ను జాతీయ, జూనియర్ పోటీల్లో పూర్తి గౌరవంతో నిలబెట్టాలి. టూటూలో రాణిస్తున్న అబ్బాయిలకూ అమ్మాయిలకూ ఏడాదిలో కొన్ని వారాలు థర్టీటూ సాధన పెట్టాలి. ఆసియా క్రీడల్లో ఆ పోటీని తిరిగి తేవాలని భారత్ గట్టిగా అడగాలి. ఈ పోటీలో ఆసియాను గెలిచిన దేశంగా ఆ హక్కు మనకుంది. ఒలింపిక్ పతకం టూటూతోనే వస్తుంది. ఆ పతకానికి తగిన చెయ్యి తయారుకావాలంటే థర్టీటూ బడి తెరిచే ఉండాలి.